నీటి పొదుపా, నీటి పంపకమా?

ఈ మధ్య మన దేశంలో వ్యవసాయాన్ని గురించి మాట్లాడే పెద్దలందరి నోటా ఒకే మాట వినబడుతున్నది. వాతావరణం మారిపోతున్నదట, వానలు గతి తప్పాయట, కనక చిన్నరైతు ఆ మార్పుకు తగినట్టు తన సేద్యాన్ని మార్చుకోవాలట. మార్చుకోవటమంటే ఏమిటని అడిగితే జవాబు కూడా సిద్ధంగానే వున్నది. నీటిని పొదుపుగా వాడాలి. అందుకు బిందుసేద్యం పెట్టుకోవాలి. దానికి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. మిగతా సొమ్ము బ్యాంకు అప్పిస్తుంది. మంత్రులు ఈ మాటే చెబుతున్నారు, నిపుణులు ఈ మాటే చెబుతున్నారు. పైపులు అమ్మే కంపెనీల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ మాటలో అబద్ధం లేదు. అబద్ధం లేకపోవటమే దీనిలోని ప్రమాదం. వాతావరణం మారుతున్న మాట నిజం. మెట్టరైతుకు నీరు అందకపోతే అతడు బతకలేడన్నదీ నిజం. నీటిని వృథా చేయకూడదన్న సంగతి చిన్నపిల్లవాడు కూడా ఒప్పుకుంటాడు. ఇన్ని నిజాల మధ్య ఒక ప్రశ్న మాయమైపోయింది. పొదుపు చేసిన నీరు ఎవరికి చెందుతుంది? ఈ ప్రశ్న వేయకుండా సాగే సేద్యపు సంస్కరణ ఏదైనా సరే, నీరున్నవాడి చేతిలోకే మరింత నీటిని చేరుస్తుందనీ, నీరు లేనివాడికి అప్పు తప్ప మరేమీ మిగల్చదనీ నా వాదన. దీనికి మన రెండు రాష్ట్రాల అనుభవమే చాలినంత సాక్ష్యం.

ముందు ఆకాశంలో వచ్చిన మార్పేమిటో చూద్దాం. గాలి ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కితే అది పట్టి వుంచగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. దాని ఫలితం ఏమంటే, వాన కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. కురవనప్పుడు రోజులకు రోజులు బెట్ట పడుతుంది. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే వర్షపాతం సగటుకు తగ్గినట్టు కనబడకపోవచ్చు. కాని పంటకు కావలసింది ఏడాది సగటు కాదు. వేరుసెనగ ఊడలు దిగే వారంలో, కంది పూతకు వచ్చిన పదిరోజుల్లో పదును వున్నదా లేదా అన్నదే దానికి కావాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఖమ్మం, మహబూబాబాదు ప్రాంతాల్లో కురిసిన వానకు చెరువులు తెగి పొలాల మీద ఇసుక మేటలు వేశాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వర్షం కూడా గట్టిగా పడని అనంతపురంలో ఒక్క తడి అందక పంట నిలువునా ఎండటం ఏటేటా చూస్తున్నదే. అతివృష్టి, అనావృష్టి అని మన పెద్దలు వేరువేరుగా చెప్పుకున్న రెండూ ఇప్పుడు ఒకే కారులో వచ్చి పడుతున్నాయి.

ఈ దెబ్బ అందరి మీదా ఒకేరకంగా పడదు. 2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం మన దేశంలోని కమతాల్లో 86 శాతం అయిదెకరాల లోపువి. ఆ 86 శాతం చేతిలో వున్న భూమి మొత్తంలో సగం కూడా కాదు. 2018-19 నాటి జాతీయ శాంపుల్ సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో రైతు కుటుంబాల్లో 93 శాతం, తెలంగాణాలో 91 శాతానికి పైగా అప్పుల్లో వున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క రైతు కుటుంబం నెత్తిన వున్న సగటు అప్పు 2 లక్షల 45 వేల రూపాయలు. దేశంలోకెల్లా అది ఎక్కువ. ఇట్లాంటి కుటుంబానికి ఒక్క పంట పోవటమంటే ఒక్క పంట పోవటం కాదు; మరుసటి పంటకు విత్తనం కూడా పోవటం.

కనక నీటిపారుదల కావాలి. అందులో మనకు ఎవరితోనూ తగాదా లేదు. తగాదా అంతా ఆ నీటి మీద హక్కు ఎవరిదన్న దగ్గర.

తెలంగాణాలోనూ రాయలసీమలోనూ అత్యధిక భాగం గట్టిరాతి నేల. పైన కొద్దిలోతు దాకా శిథిలమైన రాతిపొర వుంటుంది. దాని కింద బండ, ఆ బండలో అక్కడక్కడ నెర్రెలు. నీరు ఆ పైపొరలోనూ, ఈ నెర్రెల్లోనూ మాత్రమే నిలుస్తుంది. ఆ నీటికి సర్వే నంబర్లు తెలియవు, హద్దురాళ్ళు తెలియవు. నా చేను కింది నెర్రె నీ చేను కిందికి సాగిపోతుంది. నేను నాలుగు వందల అడుగుల బోరు వేస్తే నీ పాతబావి ఎండుతుంది. నువ్వు ఆరు వందల అడుగులు వేస్తే నా బోరు గాలి కొడుతుంది. తరువాత మనిద్దరినీ ఎండబెట్టటానికి వెయ్యి అడుగులు వేయగల స్తోమత వున్నవాడు ఒకడు ఎప్పుడూ వుంటాడు.

మరి చట్టం ఏమంటున్నది? 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఏడవ సెక్షను కింద ఇచ్చిన ఒక ఉదాహరణ, తన నేల కింద నిర్ణీతమైన ప్రవాహమార్గం లేకుండా వున్న నీటినంతా తన హద్దుల్లో తోడుకుని వాడుకునే హక్కు ఆ నేల యజమానికి వున్నదని చెబుతుంది. తెల్లవాడు పోయాడు, జమీందారీలు పోయాయి, జాగీర్లు పోయాయి. ఈ సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. భూమి వున్నవాడికి నీరు. ఎక్కువ లోతుకు పోగలవాడికి ఎక్కువ నీరు. కౌలుదారుకు, కూలికి, ఊరికి ఎగువన గుట్టవాలులో అసైన్డు పట్టా అందుకున్న దళితుడికి ఏమీ లేదు. భూమి మీద 1973లో గరిష్ఠ పరిమితి చట్టం చేశారు. అది ఎంత నీరసంగా అమలు జరిగినా పరిమితి అనే మాట అయినా చట్టంలో వున్నది. భూమి కింది నీటికి ఆ మాట కూడా లేదు.

2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే వాల్టా అంటున్నాం. కొత్త బోరుకు అనుమతి కావాలన్నది, బోర్లను నమోదు చేయించాలన్నది, తాగునీటి బావికి 250 మీటర్ల లోపు బోరు వేయరాదన్నది. మంచిదే. కాని వున్న నీటిలో ఎవరికెంత వాటా అనే ప్రశ్నను ఆ చట్టం ముట్టుకోలేదు. దాని పర్యవసానం గమనించాలి. నీరు అడుగంటిన గ్రామంలో కొత్త బోర్లు నిషేధించారనుకోండి, అప్పటికే నాలుగు బోర్లు వేసుకున్నవాడి నాలుగు బోర్లూ భద్రంగా వుంటాయి. ఆలస్యంగా భూమి దక్కినవాడికి మాత్రం తలుపు మూసుకుపోతుంది. పంపకం లేని నియంత్రణ ముందు వచ్చినవాడి దోపిడికి ముద్ర వేసి ఇస్తుంది.

ఇక్కడ సంస్కరణవాదులు లేచి, ఈ అనర్థానికంతకూ మూలం ఉచిత విద్యుత్తేనంటారు. మీటర్లు పెట్టండి, ధర కట్టండి, రైతు తనంతట తానే పొదుపు నేర్చుకుంటాడంటారు. ఈ వాదన మనకు కొత్తది కాదు. ప్రపంచబ్యాంకు అప్పుతో నడిచిన విద్యుత్ సంస్కరణల్లో భాగంగా చార్జీలు పెంచినప్పుడు, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ప్రదర్శకుల మీద తుపాకులు పేల్చి మరీ ఈ పాఠం చెప్పబోయారు. ధర కడితే పంపు ఆపేది ఎవరు? ఎకరంన్నర తడుపుకునేవాడు ఆపుతాడు. బత్తాయి తోట వున్నవాడు ఆపడు. ధరను తోటలోనే రాబట్టుకుంటాడు. కనక ధర ద్వారా పొదుపు అనేది పేదవాడి చేత చేయించే పొదుపు. దాన్ని అప్పుడూ వ్యతిరేకించాం, ఇప్పుడూ వ్యతిరేకించాలి.

కాని మన పక్షంవారు కూడా ఒక సంగతి నిష్పక్షపాతంగా ఆలోచించాలి. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. తెలంగాణాలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ వస్తున్నది. ఆ రాష్ట్రంలో వ్యవసాయపు కనెక్షన్లు పాతిక లక్షలు దాటాయి. ఈ రాయితీ ఎవరికి ముట్టింది? బోరు వున్నవాడికి ముట్టింది. ఎన్ని బోర్లు వుంటే అన్నింతలు ముట్టింది. బోరు లేనివాడికి సున్నా. బోరు వేసి నీళ్ళు పడనివాడికి సున్నా, పైన రిగ్గు అప్పు. మన రైతుసంఘాల కోర్కెల పత్రాలు తీసి చూడండి: రుణమాఫీ వున్నది, గిట్టుబాటు ధర వున్నది, ఉచిత విద్యుత్తు వున్నది, సబ్సిడీ వున్నది. అన్నీ న్యాయమైనవే. కాని ఊళ్ళో వున్న నీటిని ఊరంతా పంచుకోవాలన్న కోర్కె వాటిలో చాలా అరుదు. భూమి పంపకం మన నినాదమైనప్పుడు నీటి పంపకం మన నినాదం ఎందుకు కాలేదు? ఊళ్ళో బోరున్న మధ్యరైతుకు కష్టం కలుగుతుందని సంకోచించటమే ఇందుకు కారణమైతే, ఆ సంకోచం బోరు లేని పేదరైతు మీద భారమై కూర్చుంటుంది.

ఇక బిందుసేద్యం సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ నీటిపారుదల పథకం మొదలైంది. కేంద్రం కూడా 2015లో చుక్కచుక్కకూ ఎక్కువ పంట అనే పేరుతో ఇట్లాంటి పథకం తెచ్చింది. చిన్నరైతుకు 90 శాతం దాకా సబ్సిడీ ఇచ్చారు. డ్రిప్పు వల్ల మొక్క మొదలు దగ్గరే తడి వుంటుంది, కలుపు తగ్గుతుంది, దిగుబడి పెరుగుతుంది. ఇవన్నీ అనుభవంలో తేలినవే, కాదనటం మూర్ఖత్వం. అయితే ఆ సబ్సిడీ అందుకోవటానికి అర్హతలేమిటి? పట్టాదారు పాసుపుస్తకం వుండాలి, నీటి ఆధారం వుండాలి. అంటే నీరున్న భూమి యజమానే అర్హుడు. కౌలుకు చేసేవాడు, బోరు లేనివాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. వాతావరణ మార్పు దెబ్బ ఎవరికి ముందు తగులుతుందో వాళ్ళను సరిగ్గా వదిలిపెట్టి నడిచే సహాయం ఇది.

పోనీ, నీరున్నవాడు పొదుపు చేస్తే భూగర్భంలో నీరు మిగిలి, అది నీరు లేనివాడికి చేరుతుందా? చేరదు. ఎకరం తడిపే నీటితో రెండెకరాలు తడపవచ్చని తెలిసిన రైతు రెండెకరాలూ తడుపుతాడు. అందులో అతడి తప్పేమీ లేదు. తాను వదిలిన నీరు పక్కవాడు తోడుకుపోతాడని అతడికి తెలుసు. బొగ్గును పొదుపుగా వాడే ఆవిరియంత్రాలు వచ్చిన కొద్దీ బొగ్గు వాడకం పెరుగుతుందని జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే రాశాడు. నీటి విషయంలో జరుగుతున్నది అదే. పైగా ఇందులో ఇంకొక చిక్కున్నది. కాలవ పారించినప్పుడు మడిలో ఇంకిన నీరంతా వృథా కాదు. కొంతభాగం తిరిగి భూమిలోకి దిగి దిగువవాడి బావిలో ఊరుతుంది. డ్రిప్పు పెట్టి ఆ ఇంకుడును ఆపి, ఆ నీటితో మరొక ఎకరం తోట వేస్తే, కాగితం మీద పొదుపు జరిగినట్టే వుంటుంది; దిగువవాడి బావి మాత్రం ఎండుతుంది. పలు దేశాల అనుభవాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2018లో సైన్స్ పత్రికలో ఈ సంగతే చెప్పారు: మొత్తం తోడకానికి పరిమితి పెట్టకుండా సేద్యపు సామర్థ్యం ఒక్కటే పెంచితే నదికీ భూగర్భానికీ నీరు మిగలటం అరుదు.

డ్రిప్పును తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. నాగలి ఎట్లాంటిదో అదీ అట్లాంటిదే. పనిముట్టు ఎవరి చేతిలో, ఏ హక్కుల మధ్య పనిచేస్తున్నదన్నదే అసలు సంగతి. హక్కుల ప్రశ్నను పక్కకు నెట్టటానికి పనిముట్టును ముందుకు తోసేవారితోనే మన పోరాటం.

మరికొందరు భూమి కింది నీటితో ఈ గొడవంతా ఎందుకు, నదిని ఎత్తిపోసి అందరికీ ఇద్దామంటారు. కాళేశ్వరం చూడండి. 2019 జూన్ 21న ప్రారంభించారు. సముద్రమట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తున వున్న మేడిగడ్డ నుంచి 618 మీటర్ల ఎత్తున వున్న కొండపోచమ్మ సాగర్‌కు గోదావరిని ఎక్కించే పథకం అది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజి పిల్లర్లు కుంగాయి. ఖర్చు 1 లక్షా 47 వేల కోట్ల రూపాయలు దాటవచ్చునని 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక అంచనా వేసింది. బాధ్యులెవరన్నది విచారణ కమిషన్లు, కోర్టులు తేల్చే సంగతి. మనకు కావలసిన పాఠం వేరే వున్నది. ఆ పథకం ఏ లోపమూ లేకుండా నిలబడినా, దాని నీరు ఎకరాల లెక్కన పారుతుంది. ఇరవై ఎకరాలున్నవాడికి ఇరవై ఎకరాల నీరు, ఎకరమున్నవాడికి ఎకరం నీరు, కౌలుదారు పొలానికి పారిన నీటికి మరుసటి ఏడు పెరిగిన కౌలు. ప్రజలందరి పన్నుతో ఎత్తిపోసిన నీటిని ఆస్తి ప్రకారం పంచటం న్యాయమా అని అడిగినవారు ఆ కోలాహలంలో కనబడలేదు.

ఇంకొక వర్గం వున్నది. వీళ్ళు మన పాత చెరువుల పేరు చెప్పి పరవశించేవాళ్ళు. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం, రాయలనాటి కంభం చెరువు మహానిర్మాణాలే. గొలుసుకట్టు చెరువులు కుండపోత వాననీటిని ఆపి, బావుల్లోకి ఇంకించి, బెట్టకాలానికి దాచివుంచే పద్ధతి ఈనాటి వాతావరణానికి సరిగ్గా తగినది. 2015లో తెలంగాణాలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకోవటం సరైన ఆలోచనే. కాని ఆ చెరువుల కింద సమానత్వం వుండేదని చెప్పేవారు చరిత్రను మరిచిపోయారు. తెలంగాణాలో నీరటి అనీ, రాయలసీమలో నీరుగంటి అనీ పిలిచే మనిషి రాత్రింబగళ్ళు తూములు కనిపెట్టుకుని మడిమడికీ నీరు పెట్టేవాడు. చాలాచోట్ల అతడు దళితుడు, అతడికి ఆ ఆయకట్టులో మడి వుండేది కాదు. కట్టమట్టి మోసింది వెట్టిచాకిరి. తరిపొలం దక్కింది దేశ్‌ముఖ్‌కూ, కరణానికీ. ఆ వ్యవస్థ మీదనే 1946 నుంచి 1951 దాకా తెలంగాణా రైతాంగం తుపాకి పట్టింది. పూడిక తీసి కట్ట పోసినంత మాత్రాన చెరువు ఊరిదైపోదు. పూడికమట్టి ఎవరి పొలానికి పోయింది, తూము ఎవరి మాట మీద లేస్తున్నది అన్నది కూడా చూడాలి.

మరి మార్గమేమిటి? ఊహల్లోకి పోనవసరం లేదు. నీటిని భూమి నుంచి విడదీసి మనిషికి ముడిపెట్టిన ప్రయోగాలు ఈ దేశంలోనే జరిగాయి. మహారాష్ట్రలో 1972 కరువు తరువాత పూణే జిల్లా పురందర్ తాలూకా నాయ్‌గావ్‌లో విలాస్‌రావు సాళుంఖే నడిపిన పానీ పంచాయతీ నియమాలు చూడండి. నీరు ఎకరాల లెక్కన కాక కుటుంబంలోని మనుషుల లెక్కన. మనిషికి అరెకరానికి సరిపడా, కుటుంబానికి రెండున్నర ఎకరాలకు మించకుండా. భూమి లేనివారికీ వాటా. భూమి అమ్మితే నీటిహక్కు దాని వెంట పోదు. చెరకులాంటి నీటిదాహపు పంట వేయరాదు. ఈ నియమాలు రాసినవారు విప్లవకారులేమీ కారు, సాళుంఖే ఇంజనీరు. కరువును కళ్ళతో చూసిన మనిషి లెక్కవేసి తేల్చుకున్న న్యాయం ఇది.

అదే రాష్ట్రంలో సాంగ్లీ జిల్లా ఖానాపూర్ తాలూకాలో, 1980 దశాబ్దంలో, యేర్లా నది మీద రైతులు తామే బలిరాజా ఆనకట్ట కట్టుకున్నారు. 1982లో మొదలైన బొంబాయి బట్టల మిల్లుల సమ్మెతో ఊళ్ళకు తిరిగివచ్చిన కార్మికులు ఆ ప్రాంతపు కరువు ఉద్యమంలో పాల్గొన్నారు. నది ఇసుక కాంట్రాక్టర్ల పాలు కాకుండా ఆపి, కొంత ఇసుకను తామే అమ్మి నిర్మాణానికి డబ్బు కూర్చుకున్నారు. భూమి లేనివారితో సహా అందరికీ నీటిలో వాటా అన్నది వారి సూత్రం. ఫ్యాక్టరీ సమ్మె నుంచి వచ్చినవాడు పల్లెలో నీటి పంపకం అడగటం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. శ్రమకు వాటా అడగటం నేర్చినవాడు నీటికి వాటా అడిగాడు.

మన ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశాబ్దంలో ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా జనావాసాల్లో, రైతులే వాన కొలిచి, బావుల లోతు కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటిపద్దు వేసుకునే పథకం నడిచింది. బడికి పోని ఆడవాళ్ళు వర్షమానిని చదివి గోడమీద లెక్కలు రాశారు. ప్రపంచబ్యాంకు 2010లో తన నివేదికలో దాన్ని మెచ్చుకున్నది. ఎందుకు మెచ్చుకున్నదో తెలుసుకోవటం అవసరం: ఎవరి మీదా నిర్బంధం లేకుండా, ఎవరి లాభం వారు చూసుకుంటూనే నీటి వాడకం తగ్గిందని. ఆ పద్ధతిలో గొప్ప విషయం లెక్క. లోపించిన విషయం వాటా. పద్దు చూసి బోరున్నవాడు పంట మార్చుకోగలిగాడు. బోరు లేనివాడు ఆ పద్దులో ఎక్కడా లేడు. ఆ లోటును అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని గ్రామాలు ఇంకొక దారిన పూరించబోయాయి. బోర్లున్న రైతులు పైపులైనుతో తమ బోర్లను కలిపి, కొత్త బోర్లు వేయబోమని ఒప్పందం చేసుకుని, బోరు లేని పొరుగువాడి మెట్టపంటకు బెట్టలో తడి ఇచ్చారు.

ఇది సాధ్యమేనా అని అనుమానించేవారు ఒక చిన్న లెక్క వేసి చూడాలి. ఎకరం వరికి పంటకాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడతారనుకుందాం. మెట్టపంటకు బెట్టలో ఒక తడికి 25 మిల్లీమీటర్ల చొప్పున రెండు తడులకు 50 చాలు. అంటే ఎకరం యాసంగి వరికి తోడిన నీటితో 24 ఎకరాల మెట్టపంటను బతికించవచ్చు. వరిమడి నీటిలో సగం తిరిగి భూమిలోకి దిగుతుందని తీసివేసినా 12 ఎకరాలు. ఆ 12 ఎకరాలు అయిదారు కుటుంబాల బతుకు. వాతావరణ మార్పును తట్టుకోవటమంటే ఇదే. కాని వరి రైతును నిందించి లాభం లేదు. ప్రభుత్వం నిజంగా మద్దతు ధరకు కొనే పంట ఆ ఒక్కటే అయినప్పుడు అతడు మరేం వేస్తాడు? జొన్న, కొర్ర, కంది, వేరుసెనగను వరిని కొన్నంత నమ్మకంగా కొనని ప్రభుత్వం నీటి పొదుపు గురించి ఉపన్యాసాలు ఇవ్వటం సిగ్గుచేటు.

బోరున్నవాడు ఎందుకు ఒప్పుకుంటాడని ఇంకొక ప్రశ్న. అతడు లక్షలు అప్పు చేసి వేశాడు. అతడేమీ దేశ్‌ముఖ్ కాదు. ఈ ప్రశ్న నిజాయితీగల ప్రశ్న, దీనికి జవాబు చెప్పకుండా తప్పుకోకూడదు. అతడి అప్పును ఊరి ఉమ్మడి పథకం భరించాలి. పైపులైను, మోటారు, మరమ్మతు ప్రభుత్వం భరించాలి. అన్నిటికంటె ముఖ్యం, బోర్లు కలిపినచోట ఒక బోరు ఎండితే మిగతావి ఆ పంటను కాపాడతాయి. ఈనాడు బోరున్న చిన్నరైతు అనుభవిస్తున్నది హక్కు కాదు, జూదం. పక్కవాడు రిగ్గు దింపిన రాత్రి అతడికి నిద్ర వుండదు. ఆ జూదం నుంచి విముక్తి కోసం అతడు కొంత వదులుకుంటాడు. ఏడెనిమిది బోర్లతో తోటలు పెంచి నీరు అమ్ముకునేవాడు వదులుకోడు. అక్కడ ఒప్పించటం చాలదు, చట్టం కావాలి.

చట్టానికి దారి లేకపోలేదు. సహజ వనరులను ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే నిర్వహించాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. కేరళలో ప్లాచిమడ గ్రామం ఒక శీతలపానీయాల కంపెనీ తోడకం మీద తిరగబడినప్పుడు, భూగర్భజలం ప్రజలదని హైకోర్టు న్యాయమూర్తి 2003లో తీర్పు చెప్పారు. 2005లో అదే కోర్టు ద్విసభ్య ధర్మాసనం భూమి యజమాని హక్కు వైపు మొగ్గింది. అంటే ప్రశ్న ఇంకా తెగలేదు. కేంద్రం 2016, 2017 సంవత్సరాల్లో తయారుచేసిన నమూనా భూగర్భజల బిల్లులు ఈ నీటిని ఉమ్మడి వనరుగా గుర్తించాయి. నమూనాలుగా అవి అల్మారాల్లో వుండటానికి పనికివస్తున్నాయి.

కనక మన కోర్కెలు స్పష్టంగా వుండాలి. భూమి కింది నీరు ఊరి ఉమ్మడి సొత్తని చట్టం ప్రకటించాలి. ఊరి నీటిపద్దు గ్రామసభ వేయాలి. అందులో మొదటి పద్దు తాగునీరు, రెండోది ప్రతి సేద్యగాడి మెట్టపంటకూ ప్రాణం నిలిపే తడులు, తరువాతే వరి, చెరకు, తోటలు. ఆ పద్దులో పేరుండటానికి పాసుపుస్తకం కాదు, సాగు గుర్తు కావాలి; కౌలురైతు, ఒంటరి స్త్రీ, అసైన్డు భూమి దళితుడు అందులో వుండాలి. డ్రిప్పు, తుంపరసేద్యం సబ్సిడీలు ముందుగా బోర్లు కలుపుకున్న బృందాలకు ఇవ్వాలి. మెట్టపంటలన్నీ మద్దతు ధరకు కొనాలి. ముందు భూసంస్కరణ, తరువాతే నీరు అని కొందరు మిత్రులంటారు. వాన అంతదాకా ఆగదు. పైగా నీటి మీద భూస్వామి గుత్తాధికారం పోయిననాడు భూమి మీద అతడి పట్టు కూడా సడలుతుంది.

రచయితలకూ ఇందులో పని వున్నది. మన కథల్లో బోరు ఎండి, అప్పుల్లో కూరుకుని ప్రాణం తీసుకున్న రైతు ఎన్నోసార్లు కనబడ్డాడు. చదివి కంటతడి పెట్టాం. కాని ఆ బోరు ఎండినరోజున పక్కచేలో ఎవరి మోటారు నడుస్తున్నదో ఆ కథల్లో చాలావాటిలో లేదు. అంతా విధి చేసినట్టు, ఆకాశం చేసినట్టు కనబడుతుంది. వాతావరణ మార్పు పేరు చెప్పి ఆకాశం మీదికి నెట్టటం పాలకులకు అలవాటు. రచయిత కూడా ఆ పనే చేస్తే ఇక నిజం ఎవరు చెబుతారు?

విద్యార్థులు, ఉపాధ్యాయులు ఈ వేసవి సెలవుల్లో తమ ఊళ్ళో ఒక పని చేయవచ్చు. ఊరి పటం ముందు పెట్టుకుని ఎన్ని బోర్లున్నాయి, వాటిలో ఎన్ని పారుతున్నాయి, అవి ఎవరెవరివి, ఏ పంటకు పోతున్నాయి, బోరు లేని సేద్యగాళ్ళు ఎందరు, ఎండిన బోరు మీద ఎవరికెంత అప్పు మిగిలింది అన్నది ఇంటింటికీ తిరిగి రాయండి. ఇందుకు పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, బావిలోతు కొలవటానికి తాడు చాలు. ఆ లెక్కను గ్రామసభలో అందరి ముందూ చదవండి. మన ఊళ్ళో నీరు లేదు అనే మాట ఎంతవరకు నిజమో, నీరు కొందరికే వున్నది అనే మాట ఎంతవరకు నిజమో ఆనాడు ఊరే తేల్చుకుంటుంది. పోరాటం అక్కడినుంచి మొదలు కావాలి.